నేపాల్ ట్రెక్కు, జాతర ప్యాకేజీ కడుతున్నారా? ముందు ఇది చదవండి

మొన్న రాత్రి ఇల్లు చేరాం. బ్యాగులు ఇంకా హాల్లోనే పడున్నాయి. నిన్న పొద్దున ఆ ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లొచ్చాక ఇంక రాయకుండా ఉండలేకపోతున్నాను. పేరు రాయను. సంక్రాంతి వెళ్లగానే బెజవాడ వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఎర్రపూల కొండ ఫొటో పెట్టి, కింద "వసంతంలో నేపాల్, ట్రెక్కూ జాతరా ఒకే టూర్లో" అని తిప్పేది ఎవరో మీలో చాలామందికి తెలుసు. వచ్చే ఏడాదికి ఇప్పుడే అడ్వాన్స్ కడదామని కొందరు చూస్తున్నారనీ తెలుసు. వాళ్లకోసమే ఇది.

వెళ్లింది నేను, అమ్మ, తమ్ముడు. ముగ్గురికీ కలిపి 1,38,000 కట్టాం. ఢిల్లీ మీదుగా కాఠ్మాండూ, ఏప్రిల్ 7న ప్రయాణం, 15న తిరుగు. మాకు ఒప్పుకున్న వరస ఇది: ముందు పోఖరా, అక్కడినుంచి ట్రెక్కులో ఉల్లేరి, ఘోరేపాని, పొద్దు పొడుపు చూసే పూన్‌హిల్ కొండ, ఘాంద్రుక్. ట్రెక్కు ముగించుకుని 12 రాత్రికల్లా వెనక్కి. 13, 14 తేదీల్లో కాఠ్మాండూ పక్కనే ఉండే భక్తపూర్‌లో బస. ఆ రెండు రోజులకోసమే మేం ఈ టూర్ తీసుకున్నాం. ఈసారి ఏప్రిల్ 14 నేపాలీల కొత్త సంవత్సరం. దానికి ముందు నాలుగు రోజుల నుంచే భక్తపూర్‌లో బిస్కెట్ జాత్ర మొదలవుతుంది. భైరవుడి రథాన్ని పైవాడ వాళ్లు ఒకవైపు, కిందవాడ వాళ్లు ఒకవైపు లాగుతారు. కొత్త సంవత్సరం ముందురోజు పెద్ద మాను నిలబెడతారు, మర్నాడు దాన్ని తాళ్లతో లాగి పడగొడతారు. ఆ మాను కూలితే పాత ఏడాది పోయి కొత్తది వచ్చినట్టు.

ఇదంతా నాకు చెప్పింది మా అమ్మే. ముప్పై ఏళ్లు స్కూల్లో సోషల్ చెప్పింది, పోయిన ఏడాదే రిటైరైంది. మన ఉగాది చాంద్రమానం, వాళ్లది సౌరమానం కాబట్టే తేదీ ఒక రోజుకి మించి అటూ ఇటూ కాకుండా వస్తుందని ఆఫీసులో ఆ పెద్దమనిషికి కూడా ఓపిగ్గా చెప్పింది. అతను నోట్‌బుక్‌లో 13, 14 రాసి చుట్టూ గీత గీశాడు. "మీ అబ్బాయి తీసుకెళ్తున్నాడనుకోండమ్మా, చేయి పట్టుకుని ఎక్కిస్తాం" అన్నాడు. టీ తెప్పించాడు. ఆ మాట నేను మర్చిపోలేకపోతున్నాను. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

ఆ రోజు నుంచి అమ్మ ప్రతి ఆదివారం మంగళగిరి వెళ్లి పానకాల స్వామి మెట్లెక్కింది. రెండు నెలలు ఒక్క వారం మానలేదు. కొత్త బూట్లు కాలు కొరికితే దూది పెట్టుకుని ఎక్కింది. యాభై ఎనిమిదేళ్లావిడ.

కాఠ్మాండూలో దిగిన మర్నాడు, అంటే 8న, వ్యాన్ ఎక్కించి తిన్నగా భక్తపూర్ తీసుకెళ్లారు. పోఖరా వెళ్లాల్సిన రోజు కదా అంటే డ్రైవరుకి ఏమీ తెలియదు. తౌమఢీ చౌక్‌లో దింపి రెండు గంటల్లో రమ్మన్నాడు. జాతర లేదు, జనం లేరు. రథం దూలాలు నేలమీద పరిచి ఇద్దరు ముగ్గురు తాళ్లతో బిగిస్తున్నారు. మనిషెత్తు చెక్క చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. అమ్మ ఒక చక్రం మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడింది. 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల గుడీ అక్కడే ఉంది. మల్లయోధులు, ఏనుగులు, సింహాలు కాపలా ఉండే ఆ మెట్లన్నీ ఎక్కి దిగింది. కిందికొచ్చి "మళ్లీ వస్తాంగా 13న" అంది. నేనూ అదే నమ్మాను. అప్పుడే ఫోన్ చేసి గట్టిగా అడగాల్సింది. పైరోజుల బస అలాగే ఉంటుందిలే అనుకుని ఊరుకోవడం పూర్తిగా నా తప్పు. నిజానికి 13, 14 బస ఎప్పుడో కొట్టేశారు. జాతర రోజుల్లో అక్కడ గదుల రేట్లు పెరుగుతాయి. ఆ మిగులు కోసం చేసిన పని అది.

పోఖరా దారి గురించి ఎక్కువ రాయను. పనులు జరుగుతున్న రోడ్డు, దుమ్ము, పదిగంటల బస్సు. పోఖరాలో ఒక్క కొండ కనపడలేదు. "వసంతంలో ఆకాశం అద్దంలా ఉంటుంది" అని అతను అమ్మిన మాట అబద్ధమని అక్కడ హోటలామె చెబితే తెలిసింది. మార్చి నుంచి వానలు పడేదాకా అడవుల్లో మంటలు, ఎండిన నేల దుమ్ము, అంతా కలిసి గాలిలో పొగమంచులా నిలిచిపోతుందట. ఒక వాన పడితే మర్నాడు పొద్దున తేటగా ఉంటుంది, మధ్యాహ్నానికి మళ్లీ మబ్బు, వడగళ్లు. కొండలు తేటగా కనపడేది ముఖ్యంగా అక్టోబరు, నవంబరుల్లో. వసంతంలో వెళ్లేది పూలకోసం, జాతరలకోసం. ఇది ఒక్క ముక్క ముందే చెప్పుంటే మేం వెళ్లేవాళ్లమే. కానీ తెలిసి వెళ్లేవాళ్లం.

ఇంక అసలు సంగతి.

10న జీపులో నయాపూల్ దాటి బీరేఠాంటి చెక్‌పోస్టు దగ్గర ఆగాం. అన్నపూర్ణ కన్సర్వేషన్ ఏరియాలోకి వెళ్లాలంటే పర్మిట్ కాగితం చూపించాలి. మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్లకి మనిషికి వెయ్యి నేపాలీ రూపాయలు. ముందు తీసుకోకుండా చెక్‌పోస్టు దగ్గర తీసుకుంటే రెట్టింపు. మా బిల్లులో "పర్మిట్లు, గైడు 18,000" అని విడిగా రాసి మరీ వసూలు చేశాడు. గైడని వచ్చిన కుర్రాడు జేబులు తడుముకుని "మీ దగ్గర లేవా దీదీ?" అన్నాడు. అతని దగ్గర పర్మిట్లే కాదు, గైడు లైసెన్సు కార్డు కూడా లేదు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఆ పిల్లాడిమీద నాకు కోపం లేదు.

ట్రావెల్స్ అతనికి ఫోన్ చేశాను. మూడుసార్లు కట్ చేశాడు. నాలుగోసారి ఎత్తాడు. సిగ్నల్ సరిగా లేక స్పీకర్ పెట్టాను. పెట్టకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికి వందసార్లు అనుకున్నాను.

"పర్మిట్లు తీయలేదంటున్నారండీ ఇక్కడ."

"కట్టేయండి మేడమ్, వచ్చాక చూసుకుందాం."

"మీకు కట్టాం కదండీ. ఇప్పుడు డబుల్ అడుగుతున్నారు. ముగ్గురికి ఆరువేలు."

"ఆరువేలు నేపాలీయే కదా, మన డబ్బుల్లో మూడువేల చిల్లర. దానికోసం ఇంటర్నేషనల్ కాలా?"

"సరే, కడతాం. 13, 14 భక్తపూర్‌లో బస ఎక్కడో చెప్పండి."

"భక్తపూర్ అయిపోయింది కదా మేడమ్, ఎనిమిదో తేదీన చూపించేశాం."

"జాతర 14న కదండీ. అమ్మ మీకు అంత వివరంగా చెప్పింది. మీరే రాసుకున్నారు."

అప్పుడన్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "పెద్దావిడని కొండలెక్కించడమే ఎక్కువ, మళ్లీ జాతర్లు కూడానా? ఆ తోపులాటలో ఏమన్నా అయితే మామీద పడతారు. ఇంట్లో కూర్చోబెట్టి టీవీలో చూపించండి."

అమ్మ నా పక్కనే ఉంది. అంతా వింది.

తమ్ముడు ఫోన్ లాక్కుని ఏదో అరిచాడు, అప్పటికే పెట్టేశాడు. చెక్‌పోస్టు ఆఫీసరు కౌంటర్లోంచి చూస్తున్నాడు. మా వెనక ఇంకో గ్రూపు నిలబడి ఉంది. అమ్మ ఏమీ అనలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, లోపల్నుంచి గుడ్డసంచీ తీసింది. భక్తపూర్‌లో జాతర రోజు ఏదైనా కొనుక్కుందామని విడిగా దాచుకున్న నేపాలీ నోట్లు అందులో ఉన్నాయి. ఆరు వెయ్యినోట్లు లెక్కపెట్టి నాకిచ్చింది. "కట్టేసెయ్యమ్మా. మబ్బు పడుతోంది, చీకటి పడేలోపు పైకెళ్దాం" అంది. గొంతు మామూలుగానే ఉంది. సంచీ ముడి మాత్రం వేయలేకపోయింది, చేతులు వణుకుతున్నాయి. తమ్ముడు వేశాడు.

మా అమ్మని నేను ఇంతవరకు అలా చూడలేదు. స్కూల్లో హెడ్మాస్టర్లని ఎదిరించిన మనిషి. డబ్బు పోవడం సంగతి తర్వాత. టీ ఇచ్చి అమ్మా అని పిలిచినవాడు, డబ్బు ముట్టాక పెద్దావిడ అన్నాడు. ఆ కొడుకులాంటివాణ్ణి వెతికి తెచ్చింది నేను. నలుగురిని అడక్కుండా, గ్రూపులో ఫొటోలు చూసి, ఆయన సొంత యూపీఐకి మొత్తం డబ్బు ఒకేసారి పంపింది నేను. ఆ మాట అమ్మ చెవిన పడడానికి నేనే కారణం.

మర్నాడు ఘోరేపానిలో ఆ గైడు కుర్రాడు కూడా తనకి రెండు రోజులకే డబ్బిచ్చారని చెప్పి దిగిపోయాడు. లాడ్జి నడిపే ఆవిడ మమ్మల్ని వదలలేదు. ఘాంద్రుక్ వెళ్తున్న లైసెన్సు ఉన్న గైడు ఒకాయన్ని పిలిపించి మాట్లాడి పెట్టింది. ఆవిడకి మేం ఎంత రుణపడ్డామో చెప్పలేను.

ఆ రాత్రి వడగళ్ల వాన పడింది, రేకుల మీద రాళ్లు దొర్లినట్టు. తెల్లవారుజామున నాలుగింటికి టార్చీలు పట్టుకుని పూన్‌హిల్‌కి బయల్దేరాం. లాలీగురాస్ చెట్ల కింద మెట్లనిండా ఎర్రపూలు రాలి, తడిసి, కాలుపెడితే జారుతున్నాయి. అమ్మ కర్ర పోటేసుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా పది లెక్కపెట్టుకుని మళ్లీ నడిచింది. ఎవరి చేయీ పట్టుకోలేదు. 3,210 మీటర్లు. పైన వాన కడిగిన ఆకాశం. ధవళగిరి కొన మీద మొదట ఎరుపు పడింది, తర్వాత అన్నపూర్ణ సౌత్, ఆ పక్కన మాఛాపుఛ్రే. "8,167" అంది అమ్మ ధవళగిరిని చూస్తూ. క్లాసులో పిల్లలతో ఎన్నిసార్లు చెప్పించిందో ఆ అంకె. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ కొండ ఆవిడ సొంతంగా ఎక్కింది. ఇందులో ట్రావెల్స్ వాడికి వాటా లేదు. అందుకే ఇది రాస్తున్నాను, "అయినా చూశారు కదా, ఎంజాయ్ చేశారు కదా" అని నిన్న ఆఫీసులో అన్నాడు కాబట్టి.

14న పొద్దుట్నుంచి రాత్రిదాకా పోఖరా నుంచి కాఠ్మాండూ బస్సులో ఉన్నాం. దారిపొడవునా ఊళ్లలో జనం కొత్తబట్టల్లో తిరుగుతున్నారు. బస్సులో వెనక సీటాయన ఫోన్లో భక్తపూర్ లైవ్ చూస్తున్నాడు, మాను కూలే సమయానికి అరుపులు వినిపించాయి. అమ్మ వెనక్కి తిరగలేదు, కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. చివరికి అతనన్నట్టే అయింది, ఆ మాను ఫోన్లోనే కూలింది. అది తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతోంది.

నిన్న వెళ్లి డబ్బు అడిగితే బిల్లు వెనకవైపు చూపించాడు. "పరిస్థితులను బట్టి వరస మారవచ్చు" అని చీమ తలకాయంత అక్షరాలు. పరిస్థితి ఏమిటని అడిగాను. సమాధానం లేదు. వచ్చే టూరుకి రెండువేలు తగ్గిస్తానన్నాడు. నోట్‌బుక్ తీయమన్నాను, అందులో 13, 14 చుట్టూ గీత ఉంటుంది కదా. ఆ పుస్తకం అయిపోయిందట. బయటికొచ్చేసరికి వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. బిల్లు, యూపీఐ రసీదు, చెక్‌పోస్టు రసీదు అన్నీ ఉన్నాయి. ఏం జరిగేదీ ఇక్కడే రాస్తాను.

వెళ్లేవాళ్లకి రెండు మూడు మాటలు. తేదీలు, బస చేసే హోటళ్ల పేర్లు బిల్లు మీదే రాయించుకోండి, నోట్‌బుక్‌లో కాదు. డబ్బు సంస్థ ఖాతాకే పంపండి, సగం చేతిలో ఉంచుకోండి. ట్రెక్కు మొదలవకముందే పర్మిట్ కాగితాలు, గైడు లైసెన్సు కార్డు కళ్లతో చూడండి. వసంతంలో వెళ్తే పూన్‌హిల్ మీద పొద్దు పొడుపు కోసం ఘోరేపానిలో ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి, మాకు వాన కలిసొచ్చింది కానీ ప్రతిసారీ రాదు. ఇంకోటి, ఆధార్ చాలని అతను చెప్పాడు. విమానంలో నేపాల్ వెళ్లాలంటే మామూలుగా పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. అమ్మకి పాస్‌పోర్టు లేదు. ఓటరు కార్డు ఎప్పుడూ పర్సులో పెట్టుకునే అలవాటుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఢిల్లీ నుంచే వెనక్కి వచ్చేవాళ్లం.