చిన్న కుక్కకు బోనుకు తగిలించే గోళీ బాటిల్ కొంటున్నారా? దయచేసి ఆగండి

ముందు అసలు మాట చెప్పేస్తాను. మీ ఇంట్లో షిట్జూ, పొమేరియన్, లాసా లాంటి చిన్న కుక్క ఉంటే, "ఒలకదు, దుమ్ము పడదు, రోజంతా నీళ్లు రెడీగా ఉంటాయి" అంటూ అమ్మే వాటర్ బాటిల్‌ను నమ్ముకోకండి. బోను ఊచలకు తలకిందులుగా తగిలిస్తారు చూడండి, కొసన సన్నటి స్టీలు గొట్టం, గొట్టం చివర చిన్న గోళీ ఉంటాయి, ఆ బాటిల్ గురించే చెబుతున్నాను. ఇప్పటికే కొని ఉంటే, ఒకసారి లేచి వెళ్లి పక్కనే ఒక గిన్నెలో నీళ్లు పోసి రండి. మిగతాది ఆ తర్వాత చదవచ్చు.

మాది విజయవాడ. మా బుజ్జి ఆడ షిట్జూ. ఐదేళ్లు, సరిగ్గా 5 కిలోలు. మా ఆయన, నేను ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. పగలంతా ఇంట్లో మా అత్తయ్య, బుజ్జి ఉంటారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, వంగి గిన్నె తీయలేరు. బుజ్జి తాగేటప్పుడు టైల్స్ మీద నీళ్లు చిందించేది. ఒకరోజు అత్తయ్య ఆ తడి మీద కాలు జారి, గోడ పట్టుకుని ఎలాగో నిలబడ్డారు. ఆ భయంతోనే మార్చి చివర్లో పెట్ షాపుకి వెళ్లి, చిందని గిన్నె ఏదైనా ఉందా అని అడిగాను.

షాపతను ఈ బాటిల్ తీసి ఇచ్చాడు. 450 రూపాయలు. "గిన్నె సంగతి మర్చిపోండి మేడమ్, చిన్న కుక్కలకి అందరూ ఇదే తీసుకెళ్తున్నారు, రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాడు. డబ్బా మీద "స్మాల్ డాగ్స్" అని పెద్ద స్టిక్కరు. ఇంటికి తెచ్చాక ఆ స్టిక్కరు మూల లేచి ఉంటే గోటితో లాగాను. కింద కుందేలు బొమ్మ, దాని పక్కన హ్యామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న పెంపుడు జంతువు) బొమ్మ. అప్పుడే తిరిగి తీసుకెళ్లాల్సింది. పనుల హడావిడిలో, నీళ్లు తాగడమే కదా, ఏ జంతువైతే ఏంటి అనుకున్నాను.

ఏ జంతువైతే ఏంటి అనుకోవడానికి లేదని ఇప్పుడు బాగా తెలిసింది. కుక్క నీళ్లు తాగేటప్పుడు ఒకసారి నేల మీద కూర్చుని దగ్గరగా చూడండి. నాలుకను వెనక్కి, గడ్డం వైపు గరిటెలా మడిచి నీళ్లలో ముంచుతుంది. చటుక్కున పైకి లాగుతుంది. నాలుకతోపాటు పైకి లేచిన నీటి ధారను నోరు మూసి పట్టుకుంటుంది. అంటే దానికి నాలుక మునిగేంత నీళ్లు ఎదురుగా ఉండాలి. గోళీ బాటిల్‌లో అలా ఉండవు. గోళీని నాలుకతో లోపలికి నొక్కితే రెండు మూడు చుక్కలు రాలతాయి, అంతే. కుందేలు ఓపికగా అదే పనిగా నాకుతుంది. షిట్జూకి మొహమే చప్పిడి, ఆ గొట్టాన్ని అందుకోవడానికి తల పక్కకి వాల్చాలి. బుజ్జి నాలుగుసార్లు నాకి, ముక్కు మీద చుక్క పడగానే తుమ్మి, వెనక్కి వెళ్లిపోయేది.

మరి నీళ్లు తాగట్లేదని మీకు తెలియలేదా అని అడుగుతారు. అందుకే ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాను. బాటిల్ మీద కొలత గీతలున్నాయి. పొద్దున 500 గీత దాకా నింపి వెళ్తే, సాయంత్రానికి 350కి దిగేది. రోజూ వచ్చీ రాగానే ఆ గీత చూసి, 150 ఎంఎల్ తాగింది, పర్వాలేదు అని ఊరుకునేదాన్ని. బోనులో గొట్టం కింద ఒక పాత తువ్వాలు మడిచి వేశాం. అది రోజూ తడిగా ఉండేది. తాగేటప్పుడు కారింది కాబోలు అనుకుని ఉతికి ఆరేసేవాళ్లం.

ఆ తువ్వాల్లోకే పోతున్నాయి నీళ్లన్నీ.

ఇంకో తప్పు కూడా అదే సమయంలో జరిగింది. అంతకుముందు బుజ్జి మధ్యాహ్నం పెరుగన్నం తినేది. మెత్తగా, పలచగా కలిపి పెట్టేవాళ్లం, దాంట్లోనే బోలెడు నీళ్లు ఉండేవి. ఏప్రిల్లో పూర్తిగా ప్యాకెట్ ఫుడ్‌కి మార్చాం. పొడి గింజల్లో నీటి శాతం 10 దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే తిండిలో వచ్చే నీళ్లు ఆగిపోయాయి, తాగే నీళ్లు తువ్వాల్లోకి పోయాయి. బయట చూస్తే బెజవాడ ఎండలు.

మూడో వారానికి తేడా కనిపించింది. ఒకరోజు రాత్రి బుజ్జి బాల్కనీలోకి వెళ్లి కూర్చుంది, లేచింది, రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది. అలా ఐదారుసార్లు. ప్రతిసారీ రెండు చుక్కలే. ఫోను లైటు వేసి చూస్తే ఆ చుక్కలు చిక్కటి టీ డికాషన్ రంగులో ఉన్నాయి, ఒక చుక్క అంచున ఎరుపు. దగ్గరికి తీసుకుని పై పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టాను. ఎప్పుడూ తడిగా జారే చిగురు, ఆరోజు వేలికి అంటుకుంది. ఆ జిగురు స్పర్శ నాకు ఇంకా గుర్తుంది. రాత్రంతా నిద్ర లేదు.

తెల్లారగానే క్లినిక్‌కి పరిగెత్తాం. ఒంట్లో నీళ్లు తగ్గాయేమో చూడటానికి డాక్టర్ గారు మెడ వెనక చర్మం పట్టుకుని పైకి లాగి వదిలారు. మామూలుగా అయితే వదిలిన వెంటనే సర్దుకోవాలి, బుజ్జికి మడత అలాగే నిలబడి మెల్లగా దిగింది. చిగురును వేలితో నొక్కి తెల్లబడ్డాక మళ్లీ గులాబీ రంగు ఎంతసేపట్లో వస్తుందో చూశారు. రెండు సెకన్ల లోపు రావాలట. యూరిన్ టెస్టు, స్కాన్ చేశారు. మూత్రం బాగా చిక్కబడింది, ఇన్‌ఫెక్షన్ ఉంది, మూత్రసంచిలో స్ట్రువైట్ అనే రకం స్ఫటికాలు (రాళ్లుగా మారగల సన్నటి పలుకులు) కనిపించాయి. ఆడ కుక్కల్లో ఇవి ఎక్కువగా ఇన్‌ఫెక్షన్‌తో పాటే వస్తాయని, రాళ్లుగా మారినా యాంటీబయాటిక్స్, ప్రత్యేకమైన ఆహారంతో కరిగించవచ్చని చెప్పారు. కాల్షియం ఆక్సలేట్ అనే ఇంకో రకం రాళ్లయితే అలా కరగవు, ఆపరేషన్ దాకా వెళ్తుంది. షిట్జూ, లాసా, యార్కీ లాంటి చిన్న జాతులకు రాళ్ల బెడద మొదటి నుంచీ ఎక్కువేనట. న్యాయంగా చెప్పాలంటే, తప్పంతా బాటిల్‌దే అని ఆయన అనలేదు. "కానీ అమ్మా, ఇలాంటి కుక్కకి నీళ్లు తగ్గడమంటే నిప్పుకి గాలి వేసినట్టే" అన్నారు.

మగ కుక్కలున్నవాళ్లు ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. వాటి మూత్రనాళం సన్నగా ఉంటుంది, చిన్న రాయి అడ్డం పడినా చాలు. ముక్కుతూ ఉండి చుక్క కూడా రాకపోతే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, ఆ గంటలోనే తీసుకెళ్లాలి.

బుజ్జి క్లినిక్‌లో డ్రిప్ మీద ఉన్న మధ్యాహ్నం మా ఆయన ఇంట్లో ఒక పని చేశారు. బాటిల్ నింపి, ఖాళీ బోనుకి తగిలించి, కింద పొడి న్యూస్‌పేపర్ పరిచారు. పదకొండు నుంచి నాలుగింటి వరకు ఎవరూ ముట్టుకోలేదు. 90 ఎంఎల్ దిగింది, పేపరు ముద్దయిపోయింది. కారణం మెల్లగా అర్థమైంది. గోళీ సరిగ్గా కూర్చోదు, పైగా గది వేడెక్కే కొద్దీ బాటిల్ పైభాగంలో ఉన్న గాలి వ్యాకోచించి నీళ్లను కిందకి నెడుతుంది. ఎండ ఎక్కువైన కొద్దీ కారడం ఎక్కువ. అంటే కుక్కకి నీళ్లు బాగా కావాల్సిన రోజే గీత మనల్ని ఎక్కువ మోసం చేస్తుంది.

ఆ రాత్రి నేను ఇంకోటి కొలిచాను. దగ్గు మందు మూత గొట్టం కింద పెట్టి గోళీని వేలితో 50 సార్లు నొక్కాను. వచ్చింది 7 ఎంఎల్. కుక్కకి రోజుకి కిలో బరువుకి సుమారు 50 నుంచి 60 ఎంఎల్ నీళ్లు కావాలి, తిండిలో వచ్చేదీ కలుపుకుని. 5 కిలోల బుజ్జికి 250 పైమాటే, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఆ లెక్కన అది దాదాపు 1800 సార్లు గోళీని నొక్కాలి. వేలు నొప్పి పుట్టి యాభైకే ఆపేశాను, అది నాలుకతో ఎలా నొక్కుతుంది? ఆ మూత చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చేశాను.

షాపుకి తీసుకెళ్తే "వాడిన వస్తువు వాపసు తీసుకోం" అన్నారు. స్టిక్కరు కింద కుందేలు బొమ్మ చూపిస్తే, పైనుంచి అలాగే వచ్చింది అన్నారు. డబ్బా తిప్పి చూస్తే తయారుచేసినవాళ్ల పేరు గానీ, దిగుమతి చేసినవాళ్ల అడ్రసు గానీ లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ఆ పేరు, అడ్రసు, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి నంబరు ప్యాకింగ్ మీద ఉండాలి. కొనేముందు డబ్బా వెనక ఇవి చూడండి. లేకపోతే అక్కడే పెట్టి వచ్చేయండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు విలువైన కేసులకు ఫీజు కూడా లేదు. 450 రూపాయల కోసం కాదు, ఆ స్టిక్కరు ఇంకెవరి డబ్బా మీదా ఉండకూడదని.

ఇంకొక జాగ్రత్త. బుజ్జి నీరసంగా ఉందని పక్కింటి ఆంటీ ప్రేమగా ఓఆర్ఎస్ పేరుతో ఉన్న పాత జ్యూస్ ప్యాకెట్ ఇచ్చారు. డాక్టర్ గారు వద్దే వద్దన్నారు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాటే ఉండకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఆదేశించింది, దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే. కుక్కల విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. షుగర్ ఫ్రీ వాటిలో కొన్నిట్లో చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అది కుక్కలకి విషం. లేబుల్ చదవకుండా ఏదీ పట్టొద్దు. సిరంజితో బలవంతంగా నోట్లో పోయడం కూడా వద్దు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇప్పుడు ఇంట్లో రెండు వెడల్పాటి, బరువైన స్టీలు గిన్నెలు ఉన్నాయి, అడుగున రబ్బరు ఉన్నవి. ఒకటి హాల్లో, ఒకటి అత్తయ్య మంచం పక్కన, కింద పెద్ద డోర్ మ్యాట్. అత్తయ్య కుర్చీలో కూర్చునే పొడుగు ముక్కు ఉన్న మగ్గుతో నింపుతారు, వంగక్కర్లేదు. పొద్దున కొలిచి పోసి, సాయంత్రం మిగిలింది కొలుస్తాను. ఫ్యాను గాలికి ఆవిరయ్యేది ఎంతో తెలియడానికి బుజ్జికి అందని గూట్లో అలాంటి గిన్నె ఇంకొకటి పెట్టి, అందులో తగ్గినంత తీసేస్తాను. డాక్టర్ గారు ఇచ్చిన ఫుడ్‌ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పెడుతున్నాం. చికెన్ ఉడికించిన నీళ్లు కలిపేవాళ్లు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చూసుకోండి, ఉల్లి వెల్లుల్లి కుక్కలకి పడవు. అలాగే ఉన్నట్టుండి మరీ ఎక్కువ, కిలోకి 100 ఎంఎల్ దాటి తాగుతుంటే సంతోషించకండి. షుగరు, కిడ్నీ సమస్య, ఆడవాటికి గర్భసంచి ఇన్‌ఫెక్షన్ ఇలా బయటపడొచ్చు, చూపించండి.

నిన్న బుజ్జి గిన్నెలో నుంచి 210 ఎంఎల్ తాగింది, నానబెట్టిన ఫుడ్‌లో వెళ్లింది కాక. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంది. ఇంకో రెండు వారాల్లో మళ్లీ స్కాన్ ఉంది.

మీ బోనుకి ఆ బాటిల్ వేలాడుతూ ఉంటే, రేపు మధ్యాహ్నం కుక్కని వేరే గదిలో ఉంచి దాని కింద ఒక పొడి న్యూస్‌పేపర్ పరిచి చూడండి. ఎంత తడిసిందో కామెంట్లో రాయండి, కొన్న డబ్బా ఫోటో కూడా పెట్టండి. నా ఫిర్యాదుకి జత చేస్తాను.