28 గళ్ల అలారం మాత్రల డబ్బా: బ్రెయిన్ ట్యూమర్ రోగి ఉన్న ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది?

బ్రెయిన్ ట్యూమర్ ఉన్న మనిషిని ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులవారీగా చూసుకుంటున్నప్పుడు ఎక్కువగా తడబడేది మందుల దగ్గరే. పొద్దున మాత్ర వేసుకున్నారా అని రోగినే అడిగితే, మతిమరుపు వల్ల ఆ జవాబు నమ్మలేం. ఏడు రోజులు, రోజుకు నాలుగు పూటల చొప్పున 28 గళ్లున్న ఈ డబ్బా ఆ చిక్కును చాలావరకు తీరుస్తుంది. అయితే గడి ఖాళీ అయిందంటే మాత్ర బయటికి తీశారనే అర్థం. మింగడం కష్టమైనవాళ్లకు అది బుగ్గలోనే ఉండిపోవచ్చు, పక్కనుండి చూడాల్సిందే.

ఫిట్స్ మందుకు డబ్బా చక్కగా కుదురుతుంది. లెవెటిరాసెటమ్ రోజుకు రెండుసార్లు రాసి ఉంటే ఉదయం 8కి, రాత్రి 8కి అలారం పెడితే చాలు. ఒక పూట తప్పిందని తర్వాతి పూట రెండూ కలిపి వేయకూడదు. వాల్ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు మాత్రం తేమ పీల్చుకుని పాడవుతుంది, దాన్ని స్ట్రిప్పులోనే ఉంచాలి. స్ట్రిప్పు కత్తిరించి ముక్కను గడిలో వేయడం ఇంకా ప్రమాదం: తికమకలో ఉన్న రోగి రేకుతో సహా మింగేస్తే అంచులు అన్నవాహికను కోస్తాయి. దాని బదులు, స్ట్రిప్పులోని మాత్ర వేయాలని గుర్తుచేసే చీటీ ఒకటి ఆ గడిలో వేసి పెట్టండి.

డబ్బా చేతులెత్తేసేది డెక్సామెథసోన్ దగ్గర. మెదడు వాపు తగ్గించే ఈ స్టెరాయిడ్‌ను డాక్టర్లు మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. ఆదివారం నింపాక బుధవారం మోతాదు మారితే, గళ్లలో పాత లెక్కే ఉండిపోతుంది. అందుకే దీన్ని తర్వాతి మార్పు తేదీ వరకే నింపి, ఆ తేదీని మూత మీద రాయాలి. రోజుకు రెండుసార్లు రాసి ఉంటే, డాక్టరు వేరేగా చెప్పకపోతే రెండు మోతాదులూ ఉదయం, మధ్యాహ్నం గళ్లలోనే పడాలి. సాయంత్రం పడితే రాత్రి నిద్ర ఉండదు, రోగికీ చూసేవాళ్లకీ. తిన్నాకే ఇవ్వాలి. గళ్లు ఖాళీ అయ్యాయని రెండ్రోజులు ఆపేయడం అసలు కూడదు: వారాల తరబడి వాడాక ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోవచ్చు. మెదడు వాపు తిరగబెట్టి తలనొప్పి, వాంతులు మళ్లీ రావచ్చు.

ట్యూమర్‌కు ఇచ్చే కీమో క్యాప్సూల్ టెమోజొలమైడ్‌ను ఇందులో వేయొద్దు. కీమో పొడి మిగతా మాత్రలకూ చేతులకూ అంటకూడదు. దాన్ని విడిగా ఉంచి, గ్లవ్స్ వేసుకుని, చిన్న కప్పులో వేసి ఇవ్వాలి. క్యాప్సూల్ విప్పకూడదు, నమలకూడదు. ఒక రోజు మోతాదుకు 100 మి.గ్రా., 20 మి.గ్రా. లాంటి వేర్వేరు క్యాప్సూల్స్ కలపాల్సి రావచ్చు, కాబట్టి లెక్క ఇద్దరు చూడాలి. వేసుకున్నాక వాంతైనా ఆ రోజు మళ్లీ వేయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

రోగి స్వయంగా తీసుకుంటుంటే ఇంకో సంగతి. మెదడు కుడివైపు ట్యూమర్ ఉన్న కొందరికి ఎడమపక్కవి గమనికలోకే రావు. అలారం మోగినా ఎడమ చివరి గడి నిండుగానే మిగిలిపోతుంది. రోజువారీ వరుసలు విడిగా ఊడివచ్చే రకం కొని, ఆ రోజుదాన్ని కుడిచేతి వైపు నిలువుగా పెట్టండి. ఒక చెయ్యి పనిచేయనివాళ్లకు గోటితో లాగే మూత కంటే నొక్కితే తెరుచుకునేది నయం. కింద జారని మ్యాట్ వేయాలి. ఖాళీ స్ట్రిప్పులు, మందుల చీటీ ఒక సంచిలో డబ్బాతోనే ఉంచండి. ఫిట్స్ వచ్చి అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే, అక్కడి డాక్టరుకు కావాల్సింది మందుల పేర్లు, మోతాదులు.