అమ్మ ఒళ్ళో బ్యాటరీ పిల్లి: రెండున్నరేళ్ళ వాడకం తర్వాత

న్యూజెర్సీలో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళను చూసుకునే హోమ్‌లో అమ్మ ఉంటోంది. (అమ్మని హోమ్‌లో పెట్టారా అని అడిగేవాళ్ళకి: అవును, రెండుసార్లు స్టవ్ మీద గిన్నె మాడ్చి, ఒకసారి చెప్పుల్లేకుండా మంచులోకి వెళ్ళాక పెట్టాం.) వచ్చిన కాస్త ఇంగ్లీషూ మర్చిపోయింది, అక్కడ తెలుగొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ బొమ్మపిల్లికి భాషతో పనిలేదు కదా అని నూటపాతిక డాలర్లు పెట్టి కొన్నాను.

వీపు నిమిరితే గురగురమంటుంది, ఆ అదురు ఒళ్ళో తెలుస్తుంది. కాసేపు ముట్టుకోకపోతే కళ్ళు మూసుకుంటుంది. నడవదు, అదే నయం, కాళ్ళకడ్డం పడదు. సాయంత్రమయ్యేసరికి "దీపం పెట్టే వేళయింది, ఇంటికి పోదాం" అని అమ్మకు మొదలయ్యే ఆరాటం, పిల్లి ఒళ్ళో ఉంటే చాలా రోజులు మాత్ర లేకుండానే తగ్గింది. కొన్ని రోజులు మాత్రం దాన్నీ చంకనెత్తుకుని తలుపు దగ్గర నిలబడుతుంది.

చిక్కేమిటంటే అమ్మ పిల్లుల మధ్య పెరిగిన మనిషి. "ఏమే, ఇది పాలు ముట్టదేమే?" అంటుంది. జపాన్‌లో సీల్ అనే సముద్రజంతువు పిల్లలా ఉండే పారో రోబోను చేసిన తకనోరి షిబాత, పిల్లి రోబోను జనం నిజం పిల్లితో పోల్చి చూస్తున్నారనే, ఎవరికీ అంతగా తెలియని సీల్‌ను ఎంచుకున్నాడు. ఎందుకో అమ్మని చూశాకే అర్థమైంది. కానీ 2009లో అమెరికాలో వైద్య పరికరంగా అనుమతి పొందిన ఆ పారో దాదాపు 6,000 డాలర్లు, మావల్ల కాదు.

ఒకరోజు వెళ్ళేసరికి పిల్లి మూతినిండా పెరుగన్నం. లోపల మోటార్లు, ఉతకడానికి లేదు, తడిగుడ్డతో తుడిచి దువ్వాల్సిందే, అయినా గడ్డం కింద బొచ్చు ఉండలు కట్టింది. రాత్రి మ్యావ్ అంటే పక్క మంచం ఆవిడ గొడవ, అందుకని పడుకునే ముందు ఆపేయమని సిబ్బందికి చీటీ రాసి అంటించాను. లావు బ్యాటరీలు నాలుగు కావాలి, మూతకి స్క్రూ, ఆ స్క్రూడ్రైవర్ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది.

అబద్ధం చెప్తున్నానేమోనని మొదట్లో టెన్షన్ పడ్డాను. ఒకరోజు "ఇది నిజం పిల్లేనంటావా అమ్మా?" అని నేనే అడిగితే, "బొమ్మేలే. అయితే మాత్రం ఆకలుండదా?" అంది.

ఈమధ్య ముందు కాలు ఎత్తినప్పుడల్లా కిర్రుమంటోందని కొత్తది తెచ్చాను. పాత రంగు దొరక్క బూడిదరంగుది. "పక్కింటివాళ్ళది, వాళ్ళకిచ్చేసి రా" అంది. ఆ కిర్రుపిల్లినే మళ్ళీ తుడిచి ఇచ్చాను. మీరు కొనేట్టయితే ఒకే రంగువి రెండు కొనండి.