తెర ముందు మూడేళ్లు: మా ఆసుపత్రి కేస్‌షీట్ సాఫ్ట్‌వేర్‌పై ఒక ఫిజీషియన్ సమీక్ష

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. మూడేళ్ల క్రితం మా యాజమాన్యం కాగితపు కేస్‌షీట్లను పక్కనపెట్టి, ఓపీ, వార్డు, ఐసీయూ, ల్యాబు, ఫార్మసీ, బిల్లింగు అన్నిటినీ ఒకే తాటిపైకి తెచ్చే సాఫ్ట్‌వేర్ కొన్నది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడుతున్న మిత్రులను కదిలిస్తే దాదాపు ఇవే కష్టాలు చెబుతారు కనుక, పేరు కంటే పనితీరే ముఖ్యమనుకుంటున్నాను.

ముందుగా మేలు చెప్పాలి. మొన్నొక రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరు ఫోన్ చేసి, డయాబెటిస్ ఉన్న ఒక పెద్దాయనకు రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 6.4 వచ్చిందన్నారు. మంచం మీద నుంచి లేవకుండానే ఆయన గత ఆరు నెలల క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష) ఎలా పెరుగుతూ వచ్చిందో, ఏ బీపీ మాత్ర మీద ఉన్నారో, అప్పుడే తీసిన ఈసీజీ ఎలా ఉందో ఫోనులో చూసి, గుండెకు రక్షణగా కాల్షియం గ్లూకోనేట్ ఇవ్వమని చెప్పగలిగాను. పాత రోజుల్లో అయితే ఆ పాత ఫైలు రికార్డు రూము నుంచి రావడానికి తెల్లవారేది. చేతిరాత గొడవ కూడా తప్పింది. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో చెప్పినా మారని మా రాతను ఈ కీబోర్డే మార్చింది. స్కాన్ చిత్రాలు వార్డులోనే తెరుచుకుంటాయి, ప్రమాదకరమైన ల్యాబు విలువలు ఎర్రగా కనబడతాయి. వీటన్నిటికీ నేను మంచి మార్కులే వేస్తాను.

అసలు చిక్కు ఉదయం ఎనిమిదింటికి రౌండ్స్‌లో మొదలవుతుంది. వర్షాకాలంలో మా వార్డు సగం డెంగీ రోగులతో నిండుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. అవి పడిపోతుండగా పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతోందా, బీపీలో పై అంకెకూ కింది అంకెకూ మధ్య దూరం తగ్గుతోందా, మూత్రం సరిగా వస్తోందా అన్నవన్నీ కలిపి చూస్తేనే రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతున్న సంగతి ముందే పసిగట్టగలం. మంచం కాళ్ల దగ్గర వేలాడే పాత చార్టులో ఇవన్నీ ఒకే కాగితంపై ఉండేవి, రెండు క్షణాలు చూస్తే చాలేది. ఈ సాఫ్ట్‌వేర్‌లో బీపీ నర్సింగ్ విభాగంలో, పీసీవీ ల్యాబు విభాగంలో, మూత్రం లెక్క మరో చోట ఉంటాయి. ఒకటి తెరిస్తే ఇంకొకటి మూసుకుంటుంది, గ్రాఫులో ఒకసారికి ఒక్క అంశమే గీస్తుంది. చివరికి మా జూనియర్ డాక్టరు రౌండ్స్‌కు ముందు అన్ని తెరలూ తిరిగి ఆ అంకెలను ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుని వస్తున్నారు. కాగితం లేని ఆసుపత్రి అని రిసెప్షన్ దగ్గర బోర్డు ఉంది గానీ, వార్డు నడిచేది ఆ చీటీ మీదే. ఏ సమాచారమూ లేదని నేను అనను. అంతా ఉంది, చూడవలసినవి ఒక చోట లేవు.

మందులు రాసే తెర మీద ఇంకొంచెం ఆగాలి. 'మెట్' అని మూడు అక్షరాలు కొడితే మెట్‌ఫార్మిన్, మెటోప్రొలాల్, మెట్రోనిడజోల్ ఒకదాని కింద ఒకటి, అదే రంగులో, అదే పరిమాణంలో వరుస కడతాయి. షుగరు మాత్రకూ, గుండె మాత్రకూ, యాంటీబయాటిక్‌కూ మధ్య దూరం ఒక్క గీత మాత్రమే. అలసిన చేతికి ఆ గీత చాలదు. రోగికి షుగరు ఉందని అదే రికార్డు మొదటి పేజీలో ఉన్నా జాబితా ఆ సంగతి పట్టించుకోదు. ఒకరోజు ఓపిక పట్టి లెక్కపెట్టాను: పారాసెటమాల్ ఇంజెక్షన్ ఒకటి రాయడానికి పదకొండు క్లిక్కులు పట్టాయి, అందులో నాలుగు బిల్లింగు కోసమే.

హెచ్చరికల తీరు అంతకంటే కంగారు పెడుతుంది. ఐరన్ మాత్రతో ఎసిడిటీ మాత్ర పాంటాప్రజోల్ రాస్తే ఒక పెట్టె వచ్చి దారికి అడ్డం నిలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి మెట్రోనిడజోల్ రాసినా అచ్చం అదే పెట్టె, అదే పసుపు రంగు, అదే 'సరే' బటన్. మొదటిది ఐరన్ కొంచెం వంటబట్టకపోవడానికి సంబంధించినది, రెండోది ప్రాణాంతకమైన రక్తస్రావానికి దారితీయగలది. రోజుకు ఎన్నిసార్లో 'సరే' నొక్కే వేలు, నొక్కవలసిన చోటా నొక్కకూడని చోటా తేడా లేకుండా నొక్కేస్తుంది. నాన్నా పులి కథ చిన్నప్పుడు విన్నవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు.

నిన్నటి నోట్సును నేటికి తెచ్చుకునే బటన్ మరొకటి. సమయం లేనివాడికి అది వరమే, నేనూ వాడతాను. కానీ ఒక పెద్దావిడకు మూత్రపు గొట్టం తీసేసి మూడు రోజులైనా, రోజువారీ నోట్సులో గొట్టం ఉన్నట్టే కొనసాగింది. డిశ్చార్జి సమ్మరీలోకీ అదే ఎక్కింది, ఇంటికి వెళ్లాక ఆమె కూతురు ఫోన్ చేసి 'గొట్టం ఎప్పుడు మార్పించాలి డాక్టరుగారూ?' అని అడిగే దాకా మాలో ఎవరూ గమనించలేదు. తప్పు మాదే, అయితే తెచ్చుకున్న వాక్యాలు వేరే రంగులో కనబడితే ఆ తప్పు జరిగేది కాదు.

ఈ సాఫ్ట్‌వేర్‌కు మన రోగుల మాట కూడా అందదు. 'కడుపులో దేవినట్టుంది', 'గుండెల్లో దడ', 'కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి' అని వాళ్లు చెప్పేదాన్ని నేను ఇంగ్లీషు జాబితాలో దగ్గరి పదానికి కుదించాలి. తెలుగులో రాసుకునే గడి ఒక్కటి కూడా లేదు. పేర్ల సంగతి మరీ విచిత్రం. లక్ష్మి అనే పేరును ఒక గుమాస్తా 'కె', 'ఎస్' అక్షరాలతోనూ, మరొకరు 'ఎక్స్'తోనూ ఎక్కించడంతో ఒకే మనిషికి రెండు నంబర్లు పుట్టాయి, ఆమెకు పెన్సిలిన్ పడదన్న సంగతి వాటిలో ఒక్కదానిలోనే ఉండిపోయింది. నర్సమ్మ ఆమెను ఎరిగి ఉండబట్టి సరిపోయింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఇలాంటి చిక్కును విప్పడానికి పనికొస్తుంది. మా సాఫ్ట్‌వేర్ ఆ నంబరును తీసుకుంటుంది కూడా. కానీ మా ఓపీకి వచ్చే వృద్ధుల్లో చాలామందికి ఫోన్ నంబరు కొడుకుదో కోడలిదో అయి ఉంటుంది. ఓటీపీ గుంటూరులో మోగితే, పెద్దాయన ఇక్కడ కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు.

వాడుక సౌలభ్యాన్ని కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన పది ప్రశ్నల కొలమానం ఒకటుంది. వందకు లెక్కకట్టే ఆ కొలమానంలో 68ని సగటుగా భావిస్తారు. నేను నిజాయితీగా నింపితే మా సాఫ్ట్‌వేర్‌కు 47.5 వచ్చింది. అమెరికా వైద్యులు తమ సాఫ్ట్‌వేర్లకు ఇచ్చిన సగటు 45.9 అని 2019 చివర్లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అంత డబ్బు పోసిన చోటా ఇదే గతి అయితే మనవాళ్లను మాత్రమే తిట్టడం న్యాయం కాదు. మూలం ఒకటేనని నా అభిప్రాయం: కొనేవారు వేరు, వాడేవారు వేరు. బిల్లులో రూపాయి తేడా వస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి సాయంత్రానికల్లా సరిచేస్తాడు. డెంగీ అంకెలన్నీ ఒకే తెర మీద కావాలని అడిగి పద్నాలుగు నెలలైంది, 'వచ్చే వెర్షన్‌లో చూద్దాం సార్' అనే అంటున్నారు.

సహాయ సిబ్బంది మర్యాద గురించి మాత్రం ఫిర్యాదు లేదు. శిక్షణ ఒక్క పూట ఇచ్చారు, అది చాలలేదు. తెర పది నిమిషాలకే దానంతట అది మూసుకుపోవడం వల్ల ఐసీయూలో ఒకరి పాస్‌వర్డ్‌తో అందరూ రాసే అలవాటు మొదలైంది. రేపు కోర్టులో ఎవరి పేరు పలుకుతుందో ఆలోచిస్తే భయమేస్తుంది.

అయిదు నక్షత్రాలకు నేను రెండున్నర ఇస్తాను. ల్యాబు, స్కాన్ విభాగాలకు విడిగా ఇవ్వమంటే నాలుగిస్తాను. కొనే ఆలోచనలో ఉన్న ఆసుపత్రుల వారు డెమోను కాన్ఫరెన్స్ హాల్లో, ప్రొజెక్టర్ మీద చూడవద్దు. నైట్ డ్యూటీ దిగబోతున్న జూనియర్ డాక్టరును పిలిచి, వార్డులో, ఒక డెంగీ రోగి మంచం పక్కన, కంపెనీ మనిషి నోరు విప్పకుండా ఆ తెరను అతని చేతికి ఇవ్వమనండి. అతను జేబులోంచి చీటీ తీశాడా లేదా చూసి సంతకం పెట్టండి.