ఎవరి స్టోరు వారిదే, ఆట మాత్రం ఒకటే: పీసీ క్రాస్‌ప్లేతో కొన్నేళ్లు

పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో ఒకరు స్టీమ్‌లో, ఇంకొకరు ఎపిక్ గేమ్స్ స్టోర్‌లో తీసుకున్న ఒకే ఆటను ఇద్దరూ కలిసి ఆడగలరా అన్న ప్రశ్నకు, స్టోరు పేజీలో కనిపించే ‘ఆన్‌లైన్ కో-ఆప్’ (నెట్‌లో కలిసి ఆడవచ్చు) అన్న ముక్క జవాబు చెప్పదు. పీసీకీ ఎక్స్‌బాక్స్‌కీ, ఎక్స్‌బాక్స్‌కీ ప్లేస్టేషన్‌కీ మధ్య క్రాస్‌ప్లే (వేర్వేరు యంత్రాల మీదో, వేర్వేరు స్టోర్ల కాపీలతోనో కలిసి ఆడడం) గురించి అందరూ మాట్లాడతారు గానీ, అదే విండోస్, అదే కీబోర్డు, అదే ఆట ఉండి కూడా కొన్న దుకాణం వేరైనందుకు ఇద్దరు ఒకరికొకరు కనిపించకుండా పోవడం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. పాలకొల్లు, రాజోలు, భీమవరం చుట్టుపక్కల పుట్టి, ఇప్పుడు సగం మంది హైదరాబాదులోనూ బెంగళూరులోనూ స్థిరపడిన మా అన్నదమ్ముల, బావాబావమరదుల బృందం కొన్నేళ్లుగా ఆడుతున్న ఆటల్లో చాలావరకు ఇలా రెండు మూడు స్టోర్ల మధ్య ఆడవలసినవే. వాటిలో ఏది నిలిచింది, ఏది విసిగించింది అన్నదే ఈ సమీక్ష.

మా మధ్య ఈ చీలికకు కారణం ఉచితమే. స్టీమ్ 2003 నుంచి ఉంది. 2015 చివర్లో అక్కడ ధరలు రూపాయల్లోకి మారాక మాలో ఉద్యోగాలు ఉన్నవాళ్లు అక్కడే కొనుక్కుంటూ వచ్చారు. 2018 డిసెంబరులో వచ్చిన ఎపిక్ స్టోరు కొంతకాలానికి వారం వారం ఏదో ఒక ఆటను ఉచితంగా ఇవ్వసాగింది. 2020 మే నెలలో, లాక్‌డౌన్ వల్ల అందరమూ ఊళ్లలోనే చిక్కుకుపోయిన రోజుల్లో, అది జీటీఏ ఫైవ్‌ను, ఆ మరుసటి వారమే సివిలైజేషన్ సిక్స్‌ను ఉచితంగా ఇచ్చేసరికి చదువుకుంటున్న తమ్ముళ్లంతా అటు చేరిపోయారు. డబ్బు పెట్టి కొన్న పెద్దవాళ్లు స్టీమ్‌లో, ఉచితంగా తీసుకున్న చిన్నవాళ్లు ఎపిక్‌లో, పాత ఆటల మీద మోజున్న ఒకరిద్దరు జీఓజీ అనే ఇంకో స్టోరులో, గేమ్ పాస్ (చందా మీద ఆటలిచ్చే పథకం) కట్టే మా మేనబావ మైక్రోసాఫ్ట్ స్టోరులో మిగిలాము.

లోపల జరిగేది కొంచెం తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఆటల తయారీదారులకు స్టీమ్ ‘స్టీమ్‌వర్క్స్’ అనే సాధనాల కట్టను ఇస్తుంది. స్నేహితుల జాబితా, లాబీ (ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్లు చేరే గది), ఆహ్వానం, ఆటగాళ్ల కంప్యూటర్ల మధ్య డేటాను చేరవేసే రిలే అన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి కనుక చిన్న స్టూడియోలు వాటినే వాడుకుంటాయి. అయితే ఆ లాబీలోకి స్టీమ్ ఖాతా లేనివాడు అడుగు పెట్టలేడు. వేరే స్టోరు వాళ్లు కూడా రావాలంటే తయారీదారు లాబీని ఏ ఒక్క స్టోరుకూ పరిమితం కాని మూడో చోట పెట్టాలి: తన సొంత ఖాతాల వ్యవస్థలోనో, మైక్రోసాఫ్ట్ వారి ప్లేఫ్యాబ్‌లోనో, ఎపిక్ ఆన్‌లైన్ సర్వీసెస్‌లోనో. మట్టాలు వేరైన రెండు కాలువల మధ్య పడవ దాటాలంటే లాకు ఉండి తీరాలి, ఆ లాకును కట్టవలసింది ఆట తయారుచేసినవాడే. అందుకే ‘స్టీమ్‌కూ ఎపిక్‌కూ క్రాస్‌ప్లే ఉందా’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఆ ఫలానా ఆట లాబీ ఎవరి దగ్గర ఉందో అడగాలి.

ఇన్నాళ్ల వాడకంలో మాకు బాగా అచ్చివచ్చినవి కోడ్‌తో నడిచే ఆటలు. స్నేహితుల జాబితాలతోనూ, ఖాతాలు జతచేయడంతోనూ పనిలేకుండా ఒకరు గది తెరిచి కొన్ని అక్షరాలో అంకెలో చదివి వినిపిస్తే మిగతావాళ్లు అవే కొట్టి లోపలికి వచ్చేస్తారు. 2021లో ఎపిక్ అమాంగ్ అస్‌ను ఉచితంగా ఇచ్చినప్పుడు ఫోన్లలో ఆడేవాళ్లు, స్టీమ్‌లో కొన్నవాళ్లు, ఎపిక్‌లో తీసుకున్నవాళ్లు ఒకే గదిలో కూర్చోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఏ స్టోరులో ఉన్నావని ఎవరూ ఎవరినీ అడగనే లేదు, క్రాస్‌ప్లే అంటే అలా ఉండాలని నా అభిప్రాయం.

వాల్‌హైమ్‌ది కూడా కోడ్ పద్ధతే కానీ అందులో ఒక మెలిక ఉంది. 2022లో పీసీ గేమ్ పాస్‌లోకి వచ్చినప్పుడు స్టీమ్ వాళ్లకూ మైక్రోసాఫ్ట్ స్టోరు వాళ్లకూ మధ్య క్రాస్‌ప్లే పెట్టారు. సర్వర్ తెరిచేవాడు క్రాస్‌ప్లే గడిని టిక్ చేస్తేనే అది ప్లేఫ్యాబ్ మీద నడుస్తుంది, చేయకపోతే స్టీమ్‌కే పరిమితమవుతుంది. టిక్ చేసినప్పుడు ఆరంకెల కోడ్ వస్తుంది, సర్వర్‌ను ఆపి మళ్లీ తెరిస్తే ఆ కోడ్ మారిపోతుంది. అందువల్ల మా వాట్సాప్ గ్రూపులో సగం సందేశాలు ఉత్త అంకెలే. రాత్రి భోజనాలయ్యాక బావ అంకెలు పెట్టకపోతే రాజోలు నుంచి తమ్ముడు ‘బావా, కోడ్ పడలేదండి’ అని గుర్తుచేస్తాడు. క్రాస్‌ప్లే టిక్ ఉన్నప్పుడు మా ఊరి లైన్ మీద ఆట కాస్త బరువుగా కదిలినట్టు నాకు అనిపించింది కనుక, స్టీమ్ వాళ్లమే ఉన్న రోజున దాన్ని తీసేస్తాము.

స్టార్‌డ్యూ వ్యాలీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మేము విడవకుండా ఆడినది అదొక్కటే. వరిచేలూ రొయ్యల చెరువులూ చూస్తూ పెరిగినవాళ్లు కాలక్షేపానికి మళ్లీ సేద్యమే చేస్తున్నారని మా మేనత్త నవ్వుతుంది. 2018లో ఈ ఆటకు మల్టీప్లేయర్ వచ్చినప్పటి నుంచి స్టీమ్ కాపీకీ జీఓజీ కాపీకీ మధ్య ఇన్వైట్ కోడ్‌తో కలిసి ఆడవచ్చు. నెట్‌వర్క్ పనికి స్టీమ్ కాపీలో కూడా జీఓజీ గెలాక్సీ వ్యవస్థను వాడుకోవడమే ఇందుకు కారణం. ఇందులో పొలం, పొలంలోని మనుషులు, వాళ్ల సంచుల్లోని సరుకు అంతా హోస్ట్ (ఆటను తన కంప్యూటర్‌లో తెరిచి మిగతావాళ్లను చేర్చుకునేవాడు) కంప్యూటర్‌లోని సేవ్ ఫైల్‌లోనే ఉంటాయి. ఆటలో రోజు ముగిసి అందరూ పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది. అతిథి ఎవరైనా మధ్యలో పోతే మిగతావాళ్లు ఆడుకోవచ్చు. హోస్ట్ పోతే మాత్రం ఆట అందరికీ ఆగిపోయి, ఆ రోజు చేసిన పని గాలికి పోతుంది.

డెల్టాలో ఇది చిన్న సంగతి కాదు. భీమవరం పక్కన చెరువులున్న మా చిన్నాన్న కొడుకు హోస్ట్‌గా ఉన్నంతకాలం, కరెంటు పోయిందంటే చాలు, వాడు హెడ్‌ఫోన్లు తీసేసి ఏరేటర్లకు జనరేటర్ వేయడానికి చెరువు గట్టుకు పరుగెత్తేవాడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య దక్కదు, దాని ముందు మా గుమ్మడికాయలెంత? అప్పటి నుంచి పొలాన్ని హైదరాబాదులో ఇన్వర్టర్ ఉన్న బావ కంప్యూటర్‌లో పెట్టాము. స్టోర్ల మధ్య క్రాస్‌ప్లే ఎంత బాగున్నా హోస్ట్ ఎవరన్న నిర్ణయం దానికంటే ముఖ్యమని నేను అనుకునేది ఇందుకే. కాపీ ఏ స్టోరుదైనా సరే, కరెంటు నిలకడగా ఉన్న ఇంటివాడే హోస్ట్ కావాలి.

ఖాతా జతచేసే ఆటల తీరు వేరు. జీటీఏ ఆన్‌లైన్‌లో స్టీమ్, ఎపిక్, రాక్‌స్టార్ లాంచర్ కాపీలన్నీ రాక్‌స్టార్ ఖాతా ద్వారానే లోపలికి వెళతాయి కనుక స్టోరు అడ్డు రాదు. అయితే 2025 మార్చిలో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ కాపీ వాళ్లూ పాత లెగసీ కాపీ వాళ్లూ కలిసి ఆడలేరు. పాత గ్రాఫిక్స్ కార్డులున్న ఇళ్లకూ కొత్తవి ఉన్న ఇళ్లకూ మధ్య మాకు మళ్లీ ఒక గోడ లేచింది, దానికి స్టోరుతో సంబంధమే లేదు. రాకెట్ లీగ్ 2020 సెప్టెంబరులో ఉచితమైనప్పుడు స్టీమ్‌లో కొత్తవాళ్లకు దొరకడం ఆగిపోయింది గానీ అంతకుముందు కొన్నవాళ్లు అక్కడి నుంచే ఆడుతున్నారు. ఎపిక్ ఖాతా జతచేసుకుంటే వాళ్ల కార్లూ ర్యాంకూ రెండు చోట్లా ఒకటే.

ఎపిక్ ఆన్‌లైన్ సర్వీసెస్ మీద నడిచే శాటిస్‌ఫ్యాక్టరీ లాంటి ఆటల్లో స్టీమ్ వాళ్లు ఒక ఎపిక్ ఖాతాను జతచేసుకోవలసి రావచ్చు. స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్నవాడిని ఇంకో దుకాణంలో పేరు రాయించుకోమనడం కొందరికి కంటగింపు. మా అన్నయ్య ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఎపిక్ 2022 జూన్‌లో స్టీమ్ ఆటల్లోకి కూడా తన ఓవర్‌లేను (ఆట మీదే తెరుచుకునే స్నేహితుల జాబితా, ఆహ్వానాల పలకను) తెచ్చింది. స్టీమ్ ఓవర్‌లే షిఫ్ట్, ట్యాబ్ నొక్కితే వస్తుంది, ఎపిక్‌ది షిఫ్ట్, ఎఫ్3 నొక్కితే వస్తుంది. ఒకే ఆటలో రెండు జాబితాలు, రెండు ఆహ్వానాలు ఉండడం గందరగోళమే. ఈ పద్ధతిలో ఆడిన ఒక ఆటలో ఆహ్వానం ఒక వైపు నుంచి వెళ్లి రెండో వైపు కనబడకుండా పోవడం మాకు పలుమార్లు జరిగింది. మాటలకైతే రెండు స్టోర్ల వాయిస్ చాట్‌నూ వదిలేసి డిస్కార్డ్‌లో కూర్చుంటాము.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ డెఫినిటివ్ ఎడిషన్ ఈ గొడవలేవీ లేని ఆట. ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి పాతదాన్ని ఆడినవాళ్లం కనుక నాకు దాని మీద పక్షపాతం ఉందేమో. 2019లో వచ్చిన ఈ కాపీలో స్టీమ్ వాళ్లూ మైక్రోసాఫ్ట్ స్టోరు వాళ్లూ ఒకే లాబీలో కనబడతారు. ఒకరు కొన్న డీఎల్‌సీలోని (ఆటకు విడిగా కొనే అదనపు భాగంలోని) నాగరికత మీద, అది కొననివాడు కూడా నిశ్చింతగా యుద్ధం చేయవచ్చు. మాడ్‌లు (ఆటగాళ్లు సొంతంగా చేసి పంచే మార్పులు) ఆట లోపలి నుంచే దించుకునేవి కావడంతో రెండు స్టోర్ల వాళ్లకూ అవే దొరుకుతాయి. సివిలైజేషన్ సిక్స్‌లో ఈ సుఖం లేదు. విండోస్‌లో స్టీమ్, ఎపిక్ కాపీలు కలుస్తాయి గానీ మాడ్‌లు ఎక్కువగా స్టీమ్ వర్క్‌షాప్‌లో ఉంటాయి, ఎపిక్ వాళ్లకు ఆ తలుపు లేదు. చివరకు మాడ్‌లన్నీ ఆపేసి ఆడుకోవలసి వస్తుంది.

అసలు కలవని ఆటలూ ఉన్నాయి. డీప్ రాక్ గెలాక్టిక్‌లో స్టీమ్ కాపీ వాళ్లు, మైక్రోసాఫ్ట్ స్టోరు కాపీ వాళ్లు కలిసి ఆడలేరు. మైక్రోసాఫ్ట్ వైపు పీసీ, ఎక్స్‌బాక్స్ వాళ్లు మాత్రం కలుస్తారు. టెరేరియా మధ్యస్థం: స్టీమ్ ఆహ్వానం జీఓజీ వాళ్లకు చేరదు, కానీ ఐపీ చిరునామా కొట్టి చేరే దారి అందరికీ ఉంది. ఆ దారి మా ప్రాంతంలో ఎందుకు మూసుకుపోతుందో చెప్పాలి. కేబుల్ టీవీతో పాటు నెట్ ఇచ్చే స్థానిక ఆపరేటర్లు చాలామంది ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచుతారు. రౌటర్ పేజీలో వ్యాన్ (బయటి నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరూ అలాంటి లైన్ మీదే ఉన్నట్టు. అప్పుడు ఆట వాడే 7777 పోర్టును రౌటర్‌లో ఎంత ఫార్వర్డ్ చేసినా (బయటివాళ్లకు తెరిచినా) బయటివాడు లోపలికి రాలేడు. మా ఆపరేటర్ కుర్రాడు ‘ఆయ్, పోర్టు ఓపెన్ చేసేశానండి’ అని రెండుసార్లు అన్నాడు గానీ, తాళం తన చేతిలో లేదని అతనికి తెలియదు. అందరి కంప్యూటర్లలోనూ టెయిల్‌స్కేల్ (దూరంలోని కంప్యూటర్లను ఒకే ఇంటి నెట్‌వర్క్‌లా కలిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, అది ఇచ్చే చిరునామాతో చేరడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది. సొంత రిలే ఉన్న ఆటలకు ఈ తంటా ఉండదు.

వెర్షన్ల తేడా మీద ఓపిక ఉండాలి. ఒకే ప్యాచ్ (ఆట అప్‌డేట్) అన్ని స్టోర్లకూ ఒకే గంటలో చేరకపోవచ్చు. తేడా ఉన్నంతసేపు కోడ్ సరిగ్గా కొట్టినా లాబీ కనబడదు, కారణం కూడా స్పష్టంగా చెప్పదు. సంక్రాంతికి అందరమూ ఊరు చేరి ఒకే వైఫై మీద కూర్చున్నప్పుడు ఒక ఆట ఇలాగే మొరాయించింది. రెండు తెరల మీద మెయిన్ మెనూ మూలన ఉన్న వెర్షన్ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చివరి అంకె వేరుగా ఉంది. డీఎల్‌సీలు కూడా స్టోరు దాటవు. స్టీమ్‌లో కొన్నది ఎపిక్ కాపీకి పనికిరాదు కాబట్టి, ఎపిక్‌లో ఉచితంగా వచ్చిన ఆటకు డీఎల్‌సీలు కొనబోయే ముందు మొత్తం ఆట స్టీమ్ సేల్‌లో ఎంతకు వస్తోందో చూసుకోవాలి.

కొత్తగా చేరేవాళ్లు హోస్ట్ చేసేవాడు ఏ స్టోరులో ఉన్నాడో అదే స్టోరులో కొనడం ఇప్పటికీ తక్కువ శ్రమ. ధర బాగా తేడాగా ఉండి, ఆట కోడ్‌తో నడిచేదైతే మాత్రం చవకైన చోటే కొనమని నేను చెబుతాను. స్టీమ్‌లో రీఫండ్‌కు కొన్నాక 14 రోజులు, ఆడిన సమయం 2 గంటల లోపు అన్న నియమం ఉంది కనుక, కొన్న రాత్రే కథలో మునిగిపోకుండా ముందు అవతలి స్టోరు వాళ్లతో లాబీ కలుస్తోందో లేదో చూసుకోవాలి. ప్రస్తుతం మేము శాటిస్‌ఫ్యాక్టరీకి డెడికేటెడ్ సర్వర్‌ను (ఎవరూ హోస్ట్‌గా ఆడకపోయినా ఆటను నడిపే విడి సర్వర్‌ను) బావ పాత డెస్క్‌టాప్‌లో పెట్టి, ఎపిక్ వాళ్లూ స్టీమ్ వాళ్లూ ఎప్పుడు తీరితే అప్పుడు వచ్చి పోయేలా నడుపుతున్నాము. ప్యాచ్ వచ్చిన రోజు సర్వర్‌ను ఎవరు అప్‌డేట్ చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.