తుండుగుడ్డ కప్పాలా, ఓపెన్‌గా వదిలేయాలా? మోడ్రన్ డ్రమ్ కిట్ మీద పాత రాక్ సౌండ్‌కి ఏది మేలు

కొత్త కిట్ కొన్నవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే, 60లు 70ల రాక్ రికార్డుల్లో వినిపించే ఆ సౌండ్ దీంట్లో ఎందుకు రావట్లేదు, పాత లుడ్విగ్ కంపెనీ కిట్ ఏదైనా వెతికి కొనాలా అని. అక్కర్లేదండీ. ముందు తేల్చుకోవాల్సింది మీకు ఏ పాత సౌండ్ కావాలో, ఎందుకంటే అవి రెండు, ఒకదానికొకటి పూర్తిగా ఆపోజిట్.

మొదటిది బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్‌ది. పొడిగా "డప్" అని పడి అక్కడే ఆగిపోతుంది. 1969 జనవరి నాటి బీటిల్స్ వీడియోలు చూస్తే డ్రమ్స్ మీద టీ టవల్స్ కప్పి ఉంటాయి. అంతకుముందు 1966లో వాళ్ళ రికార్డింగ్ ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ అయితే ఏకంగా ఊలు స్వెటర్ తీసి కిక్ డ్రమ్‌లో (కాలితో వాయించే పెద్ద డ్రమ్) కుక్కేశాడు. రెండోది లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌ది. 26 ఇంచుల కిక్, 6.5 ఇంచుల లోతున్న మెటల్ స్నేర్ (కింద సన్న తీగలుండే, ముందు పెట్టుకునే డ్రమ్), టామ్‌లు (తీగలు లేని మిగతా డ్రమ్స్) బాగా మోగనివ్వడం. 1971లో వచ్చిన లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ చివరి పాటకి ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో, మెట్ల కింద హాల్లో కిట్ పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీసి రికార్డ్ చేశారు. ఆ సౌండ్‌లోని బరువంతా డ్రమ్స్‌దీ, ఆ ఎత్తైన హాల్‌దీ కలిపి.

ఏది ఎంచుకున్నా హెడ్స్ (డ్రమ్ మీద బిగించే ప్లాస్టిక్ చర్మాలు) మార్చడం మాత్రం తప్పదు, డబ్బు పెట్టాల్సింది కూడా ముందు అక్కడే. కిట్‌తో పాటు వచ్చినవి పూత లేని క్లియర్ హెడ్స్ అయితే అవి తీసేసి సింగిల్ ప్లై (ఒకే పొర) కోటెడ్ (గరుకు పూత ఉన్నవి) వెయ్యండి, రెమో అంబాసిడర్ లాంటిది, 10 మిల్ మందం (మిల్ అంటే ఇంచులో వెయ్యో వంతు). ఆ గరుకు పూత వల్ల స్టిక్ తగిలినప్పుడు ప్లాస్టిక్ చప్పుడు తగ్గి దెబ్బ కాస్త మెత్తగా, గుండ్రంగా వినిపిస్తుంది. నాది 10, 12, 16 టామ్‌లు, 22 కిక్ ఉన్న కిట్, హెడ్స్ మార్చాక 10 ఇంచుల టామ్ స్టాండ్ మీంచి తీసేసి పక్కన పెట్టేశాను, 12 ఒక్కటే పైన పెట్టి బాగా కిందికి ట్యూన్ చేస్తే సగం పని అయిపోయింది. సన్నగా మోగే చిన్న టామ్ ఉన్నంతసేపు చెవికి అది 90ల కిట్ లాగే ఉంటుంది.

ఇక తుండుగుడ్డ. మన ఇంట్లో ఉండే పల్చటి కాటన్‌దే చాలు, టర్కీ టవల్ వద్దు, మరీ చంపేస్తుంది. రెండు మడతలు పెట్టి స్నేర్ మీద అవతలి వైపు సగం వరకు పరిచి రిమ్ (అంచు) దగ్గర బట్టల క్లిప్పు పెట్టాలి, స్టిక్ పడే చోటు ఖాళీగా వదలాలి. ఫ్లోర్ టామ్ (కాళ్ళ మీద నిలబడే పెద్ద టామ్) మీద మొత్తం కప్పినా పర్లేదు. హెడ్ మరీ టైట్‌గా ఉంటే గుడ్డ వేసినా అట్టపెట్టె కొట్టినట్టే ఉంటుంది, కాబట్టి ముందు లూజ్ చేసి అప్పుడు కప్పండి.

నా మట్టుకు ఇంట్లో రికార్డింగ్‌కి తుండుగుడ్డే మేలు. మన గదులు పదికి పన్నెండు, పైన స్లాబు, కింద టైల్స్, అలాంటి చోట కిట్ ఓపెన్‌గా వదిలితే బోనమ్ రాడు, చెవులు గింగురుమనడమే మిగులుతుంది. అదే ఫంక్షన్ హాల్లోనో కాలేజీ ఆడిటోరియంలోనో, డ్రమ్స్‌కి మైకులు లేకుండా వాయిస్తుంటే గుడ్డ తీసేయండి, అది ఉంటే నాలుగో వరసకి కూడా వినపడదు. అక్కడ కిక్‌లో మోత తగ్గించడానికి పెట్టే దిండు కూడా తీసేసి, కన్నం లేని ఫ్రంట్ హెడ్ వేసి చూడండి, "ధుమ్మ్" అని కడుపులో తగులుతుంది!

మైకుల విషయానికొస్తే ప్రతి డ్రమ్‌కీ ఒకటి పెట్టడం కన్నా ఇంగ్లండ్ రికార్డింగ్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పద్ధతే ఈ సౌండ్‌కి సరిపోతుంది. స్నేర్‌కి నిట్టనిలువుగా పైన ఒకటి, ఫ్లోర్ టామ్ పక్కనుంచి హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే తాళాల జత) వైపు చూసేలా ఇంకొకటి, కిక్ ముందు ఒకటి. పై రెండూ స్నేర్ మధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి, టేపు కన్నా పురికొస ముక్క పట్టుకుని కొలిస్తే తేలిక. దూరం తేడా వస్తే స్నేర్ పల్చబడిపోతుంది. అయితే ఈ పద్ధతిలో హైహ్యాట్ గట్టిగా బాదితే మిగతావన్నీ మునిగిపోతాయి, తర్వాత మిక్స్‌లో ఏం చేసినా తగ్గదు, అందుకే స్నేర్ గట్టిగా హ్యాట్ మెల్లగా కొట్టడం ముందే ప్రాక్టీస్ చేసుకుని రికార్డ్‌కి కూర్చోండి.