పద్నాలుగేళ్లుగా వాడుతున్న మార్లిన్ 336, దాని బారెల్ మీద రెండక్షరాలు

పెన్సిల్వేనియాకి వచ్చిన కొత్తలో, 2011లో, ఈ లివర్ యాక్షన్ రైఫిల్‌ని (కింద ఉన్న లివర్‌ని ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కే రకం) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. షాపాయన బారెల్ ఎడమ పక్కన, రిసీవర్‌కి, అంటే మధ్యలో యంత్రభాగాలుండే ఇనుప పెట్టెకి, దగ్గరగా ఉన్న చిన్న ముద్ర మీద వేలు పెట్టి చూపించాడు. జె, ఎం అని రెండక్షరాలు, పాత మార్లిన్ కంపెనీ ముద్ర. "ఈ ముద్రతో ఇక రావు, తీసుకో" అన్నాడు. అమ్మేవాడు ఇంకేమంటాడులే అనుకున్నాను.

ఏటా థ్యాంక్స్‌గివింగ్ తర్వాత జింకల సీజన్‌కి, మిగతా రోజుల్లో అప్పుడప్పుడు రేంజికి తీస్తాను. వానలో తడిసింది, మంచులో పడింది. లివర్ స్క్రూ ఒక్కటి విప్పితే చాలు, తూటాని వెనక నుంచి మూసే బోల్ట్ వెనక్కి జారి వచ్చేస్తుంది. ఖాళీ తొడుగుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ అనే చిన్న ముక్క అరచేతిలో పడుతుంది, దాన్ని మాత్రం పారేసుకోకూడదు. కాల్చాక ఖాళీ తొడుగులు పక్కకి ఎగురుతాయి కాబట్టి పైన స్కోప్ (గురి చూసే దుర్బిణి) పెట్టుకోవడం తేలిక. బారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, మొన ముందుదాని వెనక భాగానికి గుచ్చుకుని పేలొచ్చు, అందుకని మామూలు సూదిమొన తూటాలు పనికిరావు. పాత మార్లిన్లకి "మార్లిన్ జామ్" అని పేరుపడిన ఓ జబ్బు ఉంది. తూటాని పైకెత్తే క్యారియర్ అరిగితే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. నా దానికి ఇంకా రాలేదు.

షాపాయన మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. 1924 నుంచి ఒకే కుటుంబం నడిపిన మార్లిన్‌ని, 2007 చివర్లో ఒప్పందం చేసుకుని, రెమింగ్టన్ అనే తుపాకుల కంపెనీ కొనేసింది. అప్పటికే రెమింగ్టన్ సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థ చేతిలో ఉంది. కనెటికట్‌లోని నార్త్ హేవెన్ ఫ్యాక్టరీని 2011కల్లా మూసేసి, తయారీని న్యూయార్క్‌లోని ఇలియన్‌కి మార్చారు. ముద్ర కూడా మారింది, ఆర్.ఇ.పి. అయింది. ఆ తొలి ఏళ్లలో వచ్చిన రైఫిళ్లలో వంకరగా కూర్చున్న గురి సైట్లు, చెక్కకీ ఇనుముకీ మధ్య సందులు, గరుకుగా ఆడే లివర్లు కనిపించాయి. జనం వాటికి "రెమ్లిన్" అని పేరు పెట్టేశారు.

ఇది చదివితే నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నాది క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ పని. ఇండియాలో ఉండగా నేను పనిచేసిన ఒక విడిభాగాల కంపెనీ ఓ లైనుని వేరే ఊరికి మార్చింది. మెషీన్లు లారీల్లో వెళ్లాయి, డ్రాయింగులు ఫైళ్లలో వెళ్లాయి. ఇరవయ్యేళ్లు ఆ లేత్ మీద నిలబడ్డ పెద్దాయన మాత్రం వెళ్లలేదు. బేరింగ్ కూర్చునే చోట ఎంత కోస్తే సరిపోతుందో ఆయన చేతికి తెలుసు, కాగితం మీద ఎక్కడా లేదు. మూడు నెలలు రిజెక్షన్లే. పై వాళ్ల టెన్షనంతా డిస్పాచ్ నంబర్ల మీదే. ఈ సరుకు ఆపండి అని పొద్దున నేను కట్టిన హోల్డ్ ట్యాగులు సాయంత్రానికి మాయమయ్యేవి! మార్లిన్ కథా అదే. ముసలి మెషీన్లు, ఆకురాయితో నాలుగు గీతలు గీసి భాగాల్ని కూర్చే ఫిట్టర్లు. కొత్త యజమాని పేరుకీ యంత్రాలకీ డబ్బు కట్టాడు, ఆ ఫిట్టర్లని వదిలేసుకున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే, తర్వాత ఇలియన్‌లోనూ పని మెరుగుపడింది. కానీ రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. వేలంలో మార్లిన్‌ని రూగర్ అనే మరో తుపాకుల కంపెనీ సుమారు 2.83 కోట్ల డాలర్లకి కొంది. వెంటనే సరుకు వదల్లేదు. నార్త్ కరోలినాలోని మేయోడాన్ ప్లాంట్‌లో పద్ధతులన్నీ సరిచేసుకుని, 2021 డిసెంబర్‌లో ఒకే ఒక్క మోడల్, 1895 ఎస్‌బీఎల్, బయటికి పంపింది. 336 రావడానికి 2023 దాకా పట్టింది. ఒక స్నేహితుడి దగ్గరున్న కొత్తదాన్ని రేంజిలో కాల్చి చూశాను. లివర్ నా పాతదానికంటే నున్నగా ఆడింది, ఒప్పుకోక తప్పదు.

వాడినది కొనాలనుకుంటే ముద్ర ఒక్కటే చూసి బేరం తెంపకండి. నేనైతే వెనక చెక్క రిసీవర్‌ని తాకే చోట గోరు పెట్టి అడ్డంగా గీసి చూస్తాను. నాదాంట్లో గోరు ఎక్కడా ఆగదు.